పాలు పెరుగైతే పరిణామమా?



2022 ఏప్రిల్ 4న మా మండవల్లి కృష్ణా జిల్లాను వదిలి, కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది. ఆ వారమంతా మా ఊరి టీ కొట్టు దగ్గర ఒకటే మాట. "మంచి పరిణామమేనండీ" అని ఒకరంటే, "ఈ పరిణామం ఎటు పోయి ఎటు వస్తుందో" అని ఇంకొకరు. అదే వారంలో మా పక్కింటావిడ మోకాళ్ల నొప్పులకు మాత్రలు తెచ్చుకుని, ఎక్కువ రోజులు మింగితే దుష్పరిణామాలు ఉంటాయన్నారని బెంగపడింది. అదే వారంలో మా వీధి పదో తరగతి కుర్రాడు జీవశాస్త్రం పుస్తకం పట్టుకొచ్చి, "మాస్టారూ, పరిణామం అంటే ఏంటండీ?" అని అడిగాడు.

టీ కొట్టు దగ్గర ఆ మాటకు అర్థం సంఘటన. పక్కింటావిడ నోట్లో ఫలితం. కుర్రాడి పుస్తకంలో ఉన్నది ఈ రెండూ కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. పిల్లలు సులువుగా బట్టీపట్టి, పూర్తిగా తప్పు అర్థం చేసుకుని ఇంటికి వెళ్లిన పాఠం ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను. పరీక్షలో సగం మంది పరిణామానికి బదులు పరిమాణం అని రాసేవారు. దాన్ని అక్షరదోషమని ఎర్ర సిరాతో దిద్దేవాణ్ణి. అర్థంలో జరిగే దోషాన్ని దిద్దడానికి ఎర్ర సిరా చాలదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ కుర్రాడికి నేను పుస్తకం తెరవకుండా చేప గురించి చెప్పాను. కొల్లేటి పల్లెల్లో పుట్టినవాళ్లకు మార్పు అనే చేప తెలుసు. మీసాలుంటాయి, పొలుసులుండవు, చేతికి చిక్కకుండా జారిపోతుంది. చెరువు ఎండి బురద మిగిలినా బతుకుతుంది. మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే అవయవం కూడా దానికి ఉంది. జోరువాన కురిసిన రాత్రి గట్టు మీద పాకుతూ ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి పోతుంది. మన పెద్దవాళ్లు దానికి మార్పు అని పేరెందుకు పెట్టారో గానీ, జీవశాస్త్రం మాస్టారికి ఇంతకంటే మంచి పేరున్న చేప దొరకదు.

కుర్రాడు వెంటనే అడిగాడు. "నేల మీద పాకుతుంది, గాలి పీలుస్తుంది. మరి ఇంకా కప్ప కాలేదేంటండీ?"

ఈ ప్రశ్న వాడిది మాత్రమే కాదు. కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయని అడిగే పెద్దలందరిదీ ఇదే ప్రశ్న. దాని వెనక ఒక బొమ్మ ఉంది. జీవులన్నీ ఒక నిచ్చెన మీద వరసగా నిలబడి ఉన్నట్టు, కింది మెట్టు మీదివి పై మెట్టు కోసం ఎదురుచూస్తున్నట్టు, చిట్టచివరి మెట్టు మీద మనం కూర్చున్నట్టు. ఆ బొమ్మే తప్పు. మార్పు చేప కప్ప కావాలని ఎదురుచూడటం లేదు. అది మార్పు చేపగా, తన బురదలో, తన వానలో చక్కగా బతుకుతోంది. నేల మీదికి వచ్చిన నాలుగు కాళ్ల జంతువుల పూర్వీకులు వేరే చేపలు. కండగల రెక్కలున్న ఆ జాతికి దగ్గర బంధువు ఒకటి, సుమారు 37 కోట్ల ఏళ్ల నాటిది, కెనడా ఉత్తరపు మంచు దీవుల్లో 2004లో రాతిలో దొరికింది. టిక్టాలిక్ అని పేరు పెట్టారు. మన మార్పు దాని వంశం కాదు. మన కొరమీను కూడా గాలి పీలుస్తుంది. దాని అవయవం వేరు, అది వచ్చిన దారి వేరు. కోతుల సంగతీ ఇంతే. ఇప్పటి కోతులు మన తాతలు కావు. చాలా వెనకటి తరాల్లో మనకూ వాటికీ ఒకే పూర్వీకులున్నారు, అక్కడి నుంచి కొమ్మలు చీలాయి. అన్నదమ్ముల పిల్లలు ఒకరు ఇంకొకరుగా మారరు కదా!

ఇక ఆ మాట దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాళ్లు ఎవల్యూషన్ అంటారు. లాటిన్‌లో దాని మూలార్థం చుట్టను విప్పడం. చుట్టిన కాగితాన్ని విప్పితే లోపల ముందే రాసి ఉన్నదే బయటికి వస్తుంది, కొత్తగా ఏమీ పుట్టదు. 18వ శతాబ్దంలో హాలర్ వంటి యూరప్ శాస్త్రజ్ఞులు ఈ మాటను ఆ అర్థంలోనే వాడారు. పిండంలో ముందే సూక్ష్మంగా ఉన్న ప్రాణి క్రమంగా విచ్చుకోవడం అని. డార్విన్ 1859లో జాతుల పుట్టుక గురించి తన గొప్ప పుస్తకం ప్రచురించినప్పుడు తొలి ముద్రణలో ఎవల్యూషన్ అన్న నామవాచకం ఎక్కడా వాడలేదు. దాని క్రియారూపం మాత్రం పుస్తకంలో ఆఖరి మాటగా ఒక్కసారి వస్తుంది. ఆయన తన ఆలోచనను మార్పులతో కూడిన వంశక్రమం అన్నారు. ముందే రాసిపెట్టినది విచ్చుకోవడం ఆయన చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు మరి. ఆ మాటను జనంలోకి ఎక్కించింది హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త. ఆయన దృష్టిలో అది సరళం నుంచి సంక్లిష్టానికి, తక్కువ నుంచి ఎక్కువకు సాగే ప్రగతి. మాట గెలిచింది, దాంతోపాటు ప్రగతి అనే వాసన కూడా అంటుకుంది. డార్విన్‌కు కూడా చివరికి 1870ల నాటికి ఆ మాట వాడక తప్పలేదు.

అంటే ఆ భాషలోనే ఆ మాట అరువు మాట, మోయరాని బరువు మోస్తున్న మాట. మన తెలుగులో దానికి ఎదురుగా నిలబెట్టిన పరిణామం అనే మాటకు ఇంకా పాత బరువుంది. సాంఖ్యులది పరిణామవాదం. కార్యం కారణంలో ముందే ఉంటుంది, మూలప్రకృతి పరిణామం చెందితే ప్రపంచం అవుతుంది అంటారు. అందరికీ తెలిసిన దృష్టాంతం పాలు పెరుగు కావడం. శంకరుల పక్షంవాళ్లు దీన్ని ఒప్పుకోక వివర్తం అన్నారు. తాడు పాములా కనిపించడం ఆ పక్షం ఉదాహరణ. వేల ఏళ్లుగా పండితులు వాదించుకున్న ఈ మాట ఇరవయ్యో శతాబ్దంలో పాఠ్యపుస్తకంలోకి వచ్చి చేరింది. వచ్చేటప్పుడు పాలనూ పెరుగునూ వెంట తెచ్చుకుంది. అందుకే మన పిల్లవాడికి పరిణామం అనగానే ఒక వస్తువు తానే ఇంకో వస్తువు అయిపోవడం మనసులో మెదులుతుంది. కోతి మనిషి అయిపోవడం, మార్పు కప్ప అయిపోవడం.

తత్త్వశాస్త్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ ప్రశ్న వేరు, దానికి ఆ మాట సరిపోయింది. జీవశాస్త్రంలో మాత్రం పాలు పెరుగైతే అది పరిణామం కాదు.

అయితే ఆ గిన్నెలోనే అసలు పరిణామం ఉంది. అది పాలల్లో లేదు, తోడులో ఉంది. మా అమ్మ ప్రతి రాత్రీ ఒక చెంచా పెరుగు దాచి మర్నాటి పాలకు తోడు వేసేది. ఇంట్లో తోడు లేకపోతే పక్కింటి నుంచి తెచ్చేది. ఆ చెంచాలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. కాసేపట్లో ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. తరం మీద తరం. ప్రతి తరంలోనూ ఎక్కడో ఒకచోట చిన్న తేడా పుడుతుంది. పాలల్లో బాగా పెరిగేవి మర్నాటి చెంచాలో ఎక్కువ పడతాయి. ఇలా వేల ఏళ్లు పాలల్లోనే బతికిన పెరుగు సూక్ష్మజీవుల జన్యువులను శాస్త్రజ్ఞులు చదివి చూశారు. పాలల్లో అవసరం లేని జన్యువులు ఎన్నో వాటిలో పాడుబడి, రాలిపోయి కనిపించాయి. చూడండి, ఇక్కడ పరిణామం అంటే పెరగడం కూడా కాదు. పోగొట్టుకోవడం. ప్రగతి అని మనం అనుకునేదానికి ఇందులో చోటు లేదు, ఉన్న చోటికి సరిపడటమే ఉంది.

ఇదంతా సూక్ష్మజీవుల కథ, మనకేం అనుకునే శ్రోతలను ఇప్పుడు పొలం గట్టుకు తీసుకెళతాను. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది అసలు ఈ మాట చెప్పడానికే.

సార్వాలో వరి పొట్ట మీదుండగా దోమపోటు తగిలితే ఏమవుతుందో డెల్టా రైతుకు నేను చెప్పక్కర్లేదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, గోధుమరంగు దోమ గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. చేలో అక్కడక్కడ గుండ్రంగా, సుడి తిరిగినట్టు పైరు ఎండిపోతుంది. అందుకే సుడిదోమ అన్నారు. మొదటి ఏడాది ఒక మందు కొడతాం, దోమ రాలిపోతుంది. రెండో ఏడాదీ రాలుతుంది. నాలుగో ఏడాదో ఐదో ఏడాదో అదే మందు అదే మోతాదులో కొడితే దోమ చెక్కుచెదరదు. అప్పుడు రైతు అనేవి రెండే మాటలు. ఒకటి, మందు కల్తీ అయింది. రెండు, దోమ మందుకు అలవాటుపడింది.

కల్తీ మందులు ఉండవని నేను అనను. కానీ రెండో మాట దగ్గర కాసేపు ఆగుదాం. దోమ అలవాటుపడలేదు. సారా తాగేవాడు అలవాటుపడినట్టు ఏ ఒక్క దోమా తన జీవితంలో మందుకు అలవాటుపడదు. ఎకరం చేలో లక్షల దోమలుంటే అందులో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ మందును ఒంట్లో విరిచేసే గుణం కాస్త ఎక్కువ ఉంటుంది. మందు కొట్టకముందు ఆ గుణం వల్ల వాటికి ప్రత్యేకమైన లాభమేమీ లేదు. మందు కొట్టిన మర్నాడు మిగిలేవి అవే. గుడ్లు పెట్టేవీ అవే. సుడిదోమకు గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టేదాకా నాలుగు వారాలకు అటూఇటూ పడుతుంది. ఒక్క సార్వా పంటలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. ప్రతి తరంలోనూ మనం మళ్లీ అదే మందు కొట్టి, మిగిలినవాటిలోంచి మళ్లీ గట్టివాటినే మిగిల్చి పోతుంటాం. కొన్నేళ్లకు చేలో ఉన్నవన్నీ వాటి సంతానమే. ఏ దోమా మారలేదు. దోమల మందలో పాళ్లు మారాయి. ఒకప్పుడు లక్షకు ఒకటి ఉన్న గుణం ఇప్పుడు నూటికి తొంభైలో ఉంది.

శ్రోతలారా, జీవశాస్త్రంలో పరిణామం అంటే ఇదే. ఒక మందలో, తరాల మీద, వారసత్వంగా వచ్చే గుణాల పాళ్లు మారడం. ఇందులో నిచ్చెన లేదు, గమ్యం లేదు, కోతి లేదు. 2003 తర్వాత ఆసియా వరి దేశాల్లో ఇమిడాక్లోప్రిడ్ అనే మందు సుడిదోమ మీద పనిచేయకుండా పోయింది. ఈ మందు పేరు మన రైతులకు కొత్తదేమీ కాదు. అంతకుముందు 1987లో మన కోస్తా పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి ప్రాణాలు తీసుకున్న పత్తి రైతుల కుటుంబాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. ఆ తర్వాత బీటీ పత్తిని తిన్నా చావని గులాబీరంగు పురుగు వచ్చింది. వీటన్నిటి పేరూ పరిణామమే. ఎవరూ చూడనిది, ఎవరూ రుజువు చేయనిది అనే మాట వింటే నాకు ఆ పత్తి చేలు గుర్తొస్తాయి.

విత్తనాల సంగతీ ఇంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐఆర్ 26 వంగడం ఇచ్చింది. రెండు మూడేళ్లలోనే అక్కడి దోమల మంద దాన్ని తినగల మంద అయిపోయింది. మన దేశపు దోమ తీరు వేరు. దాని ముందు ఆ వంగడం మొదటి నుంచీ నిలవలేదు. అందుకే ఇక్కడి దోమకు ఇక్కడే వంగడం కావాలి. మనకు దగ్గరలోని మార్టేరు పరిశోధనా స్థానం దోమను తట్టుకునే వంగడాల కోసం దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఎంటీయూ 1001 విజేతను మన రైతులు పండించారు. అదే మార్టేరు 1982లో ఇచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, దేశమంతా పాకింది. కానీ అది దోమకు ఆగదు, అది మీకూ తెలుసు. వరదకూ ఆగేది కాదు. ఒడిశా నాటు వరి ఒకదానిలో మునకను తట్టుకునే జన్యువు ఉంది. దాన్ని స్వర్ణలోకి తెచ్చి, సుమారు రెండు వారాలు నీట మునిగినా తేరుకునే స్వర్ణ సబ్-1ను 2009లో విడుదల చేశారు. బుడమేరు పొంగితే చేలు మునిగే మనలాంటివాళ్లకు ఆ నాటు వరి ఎంత గొప్ప ఆస్తో ఆలోచించండి. ఎప్పుడో ఎవరో వదిలేయకుండా దాచిన విత్తనం అది. మందలో తేడాలు ఉండటమే మంద బలం.

ఇంకో రెండు మాటలు కూడా మనల్ని దారి తప్పిస్తాయి. ఒకటి ప్రకృతి వరణం. వరణం అంటే ఎంచుకోవడం. స్వయంవరంలో రాజకుమారి దండ పట్టుకుని ఎంచుకున్నట్టు ప్రకృతి అనే ఆవిడెవరో ఎంచుకుంటోందనిపిస్తుంది. మంచి వెన్నులు చూసి విత్తనానికి తీసే రైతు నిజంగా ఎంచుకుంటాడు. ప్రకృతిలో అలా ఎంచేవారు లేరు. కొన్ని మిగులుతాయి, కొన్ని పోతాయి, అంతే. ఈ తికమక డార్విన్ కాలంలోనే ఉంది. ఆయనతో పాటే ఈ సూత్రాన్ని కనుగొన్న వాలెస్, 1866లో ఉత్తరం రాసి ఈ మాట జనాన్ని పొరబాటు పట్టిస్తోందని, స్పెన్సర్ మాట వాడమని కోరారు. ఆ మాటే యోగ్యులదే మనుగడ. డార్విన్ తన పుస్తకం ఐదో ముద్రణలో దాన్నీ చేర్చారు. ఒక గుంట పూడ్చబోయి ఇంకో గుంట తవ్వినట్టయింది. యోగ్యులంటే బలవంతులని, బలవంతులదే లోకమని, బీదవాడు బీదగా ఉండటం ప్రకృతి న్యాయమని వాదించేవాళ్లకు ఆ మాట ఆయుధమైంది.

యోగ్యత అంటే బలం కాదని చెప్పడానికి మన మన్యమే సాక్ష్యం. అక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గరా ఆ జన్యువు వచ్చిన బిడ్డ ఎర్ర కణాలు కొడవలిలా వంగి, ఒళ్లంతా నొప్పులతో అల్లాడుతుంది. ఒక్కరి దగ్గర నుంచే వచ్చిన బిడ్డకు ఆ బాధ ఉండదు, పైగా ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా దోమ రాజ్యమేలిన అడవిలో ఆ జన్యువు నిలిచింది అందుకే. మలేరియా లేని చోట అది శాపమే. ఒకే జన్యువు ఒక చోట యోగ్యం, ఇంకో చోట అయోగ్యం. 2023లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. మన్యం బిడ్డలకు రక్తపరీక్ష అందుతోందా లేదా అని అడగడం మన బాధ్యత.

రక్తపు జబ్బులకూ మలేరియాకూ ఇటువంటి ముడి ఉండవచ్చని 1949లో ఊహించినాయన జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పుట్టిన మహా జీవశాస్త్రజ్ఞుడు. పరిణామం అనే మాటను కబుర్లలోంచి లెక్కల్లోకి తెచ్చిన ముగ్గురిలో ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్. ఇంగ్లండులో ఫ్యాక్టరీల మసితో నల్లబడ్డ చెట్ల మీద నల్లరంగు రెక్కల పురుగులు తెల్లవాటిని ఎంత వేగంగా వెనక్కి నెట్టాయో 1924లోనే ఆయన లెక్క కట్టారు. నేనిందాక మందలో పాళ్లు అన్నానే, ఆ అర్థం స్థిరపడింది వీళ్ల చేతుల్లోనే. అదే ఆఖరి అర్థం కూడా కాలేదు. 1968లో జపాన్ శాస్త్రజ్ఞుడు కిమూరా, జన్యువుల్లో చాలా మార్పులు లాభం వల్లా నష్టం వల్లా కాక కేవలం అదృష్టవశాత్తు నిలిచిపోతాయని ప్రతిపాదించారు. దాని మీద చాలా ఏళ్లు తగాదా నడిచింది. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ వాళ్ల వాదన పరిణామం ఎలా జరుగుతుంది, దేని పాలు ఎంత అని. జరుగుతుందా లేదా అని కాదు.

హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశారు. కలకత్తాలో, ఆ తర్వాత భువనేశ్వర్‌లో పనిచేశారు, భారత పౌరుడయ్యారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడు. మేనరికాల వల్ల ఆంధ్ర కుటుంబాల్లో ఏ గుణాలు ఎలా దిగివస్తున్నాయో ఆ శిష్యుడు పరిశోధించారు. మేనమామకు మేనకోడల్నిచ్చే మన అలవాటు జన్యుశాస్త్రానికి పాఠం నేర్పింది. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన శరీరాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇమ్మని ఆయన ముందే రాసిపెట్టారు. పరిణామం అనే మాటకు ఆధునిక అర్థం ఇచ్చిన మనిషి దేహం మన గోదావరి జిల్లా పిల్లలకు వైద్యపాఠమైందని మన బడుల్లో ఎంతమంది చెబుతున్నారు?

ఇప్పుడు దశావతారాల మాట. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మేలైన సిద్ధాంతమని పిల్లల ముందు చెప్పారు. అంతకు ఏడాది ముందు ఒక కేంద్ర సహాయమంత్రి, కోతి మనిషైనట్టు ఎవరూ చూడలేదు, డార్విన్ పాఠం మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి దాన్ని ఖండించాయి. దశావతారాలను ఈ రకంగా పోల్చడం మన పూర్వులు చేసిన పని కాదు. బ్లావట్‌స్కీ అనే దివ్యజ్ఞాన సమాజ స్థాపకురాలు 1877లో ఈ పోలిక రాశారు, అంటే డార్విన్ పుస్తకం వచ్చిన పద్దెనిమిదేళ్లకు. బెంగాల్‌లో కేశవచంద్ర సేన్ 1882లో చెప్పారు. పోలిక అందంగానే ఉంటుంది. నీటిలో చేప, నీటిలోనూ నేల మీదా తాబేలు, నేల మీద వరాహం. కానీ అవతారం అంటే దిగిరావడం. మత్స్యావతారానికి కూర్మావతారం సంతానం కాదు. ప్రతి అవతారంలోనూ దిగివచ్చింది పరిపూర్ణుడైన ఆ ఒక్కడే, ఒక పని కోసం. అదే దాని అర్థం, అదే భక్తుడికి కావలసింది. నేను రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణే. నా పురాణానికి డార్విన్ సాక్ష్యం అక్కర్లేదు. డార్విన్‌కు నా పురాణం పోటీ కానక్కర్లేదు. విస్సన్నపేటలో పుట్టిన నండూరి రామమోహనరావు గారు జీవపరిణామ కథను తెలుగువారికి సొగసుగా చెప్పి, పుస్తకానికి నరావతారం అని పేరు పెట్టారు. ఆ పేరులో మన భాష అందం ఉంది. లోపల ఉన్నది మాత్రం శిలాజాలూ సాక్ష్యాలే.

పరిణామవాదం అనే మాటలో వాదం అని ఉండటం కూడా ఒక చిక్కు. నీ వాదం నీది, నా వాదం నాది అనిపిస్తుంది. సిద్ధాంతం అన్న మాట మేలు. మన శాస్త్ర సంప్రదాయంలో ముందు పూర్వపక్షం చెబుతారు, ఎదుటివాడి ఆక్షేపణలన్నీ వరసగా పెడతారు, ఒక్కొక్కటికీ జవాబిస్తారు. అన్నిటినీ తట్టుకుని చివరికి నిలబడినదే సిద్ధాంతం. డార్విన్ కూడా తన పుస్తకంలో తన మీద వచ్చే ఆక్షేపణలకు ఒక అధ్యాయం కేటాయించారు. ఇటువంటి పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి తీసేసింది. అనువంశికత, పరిణామం అని ఉండే అధ్యాయం అనువంశికతగా మిగిలింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి చేర్చమని బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతిలో ఉందిలే అన్నారు. పదితో చదువాపి చేపల చెరువు మీదికో, వరి చేలోకో వెళ్లే పిల్లవాడి సంగతేమిటి? సుడిదోమతో, రొయ్య జబ్బుతో రేపు తలపడేది వాడే.

ఇంకొక్క మాట చెప్పాలి, ఇది నా మనసులో ముల్లులా ఉంది. మా కొల్లేటి గురించి రాసేవాళ్లు కొల్లేరు పరిణామం అని రాస్తుంటారు. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చిన నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలిసే ఈ సరస్సు ఎంతగా మారిందో నేను కళ్లారా చూశాను. కట్టలు వేసి చెరువులు తవ్వారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టించారు, మళ్లీ గట్లు లేచాయి. ఆటపాకలో గూడబాతులు ఇప్పటికీ పిల్లలను పెంచుతున్నాయి. ఇందులో ఏదీ పరిణామం కాదు. మనుషులు చేసిన పనులు. పరిణామం అంటే తనంతట తాను జరిగినట్టుంటుంది, చేసినవాడు మాట వెనక దాక్కుంటాడు. ఆక్రమణను ఆక్రమణ అనాలి, పూడికను పూడిక అనాలి.

నక్షత్ర పరిణామం అని ఖగోళశాస్త్రంలో వాడతారు. అక్కడ ఒక నక్షత్రం పుట్టి, పెరిగి, ముసలిదవుతుంది. అది పాలూ పెరుగూ తీరే, వారసత్వం లేదు. వాళ్ల మాట వాళ్లది. మాట మార్చమని నేను కోరడం లేదు. నూరేళ్లు వాడుకున్న మాటను పక్కన పెట్టి కొత్త మాట తెస్తే పిల్లలకు ఇంకో భారమే. ఆ మాట ఏ అర్థంలో వాడుతున్నామో చెప్పమని మాత్రం ఉపాధ్యాయులను కోరుతున్నాను. కోతి బొమ్మల వరస గోడ మీద వేయకండి. పిల్లలను చేలోకి తీసుకెళ్లి దోమను చూపించండి.

రైతు సోదరులకు నా మనవి ఇది. ఈ సార్వాలో నాట్లప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట తీయండి, యూరియా తగ్గించండి, దుబ్బు మొదళ్లు చూశాకే మందు మాట ఆలోచించండి. ఏ మందు ఏ తేదీన కొట్టారో ఒక పుస్తకంలో రాసుకోండి. వరసగా రెండోసారి అదే రకం మందు కొట్టకండి. పేరు మారినా లోపలి మందు ఒకటే కావచ్చు, డబ్బా మీద చిన్న అక్షరాలు చదివించుకోండి. చేపల చెరువులో, రొయ్యల చెరువులో యాంటీబయాటిక్ పోయకండి. బతికి బయటపడే క్రిమి మీ చెరువు గట్టు దగ్గరే ఆగదు. ఆ పుస్తకం మీ పిల్లవాడి చేత రాయించండి, పదో తరగతిలో తీసేసిన పాఠం వాడికి అందులో దొరుకుతుంది.